ముందు సీటు ఎవరిది

షోరూములోకి ఎవరైనా అడుగు పెడితే మా వాళ్ళు ముందు వాళ్ళ మొహం చూసేవాళ్ళు, తర్వాత చెప్పులు చూసేవాళ్ళు. నేను మోకాళ్ళు చూసేదాన్ని. బండి ఎక్కేటప్పుడు ఏ కాలు ముందు పెడుతున్నారు, చెయ్యి దేనిమీద వేస్తున్నారు, కూర్చున్నాక హాయిగా ఊపిరి వదిలారా లేక పళ్ళు బిగబట్టి నవ్వుతున్నారా, ఇదంతా గమనించడం నాకు సరదా. "నువ్వు బండ్లు అమ్ముతున్నావా, పెళ్ళిచూపులకు వచ్చావా?" అని మా మేనేజరు ఎగతాళి చేసేవాడు. ఆయన ఏమన్నా నా బుద్ధి మారలేదు.

ఈ పిచ్చి నాకు చిన్నప్పుడే పట్టుకుంది. మా అమ్మ మదనపల్లె మిషన్ ఆస్పత్రిలో నర్సు. ఆ ఆవరణలోని క్వార్టర్సులోనే పెరిగాను. బడి వదిలాక అమ్మ డ్యూటీ దిగేదాకా ఫిజియోథెరపీ గది బయట కూర్చునేదాన్ని. కాలు విరిగి కట్టు విప్పించుకున్నవాళ్ళు ఆ గదిలో మోకాలు వంచడం మళ్ళీ మొదటినుంచి నేర్చుకునేవాళ్ళు. మానకుండా వచ్చినవాళ్ళు కొన్నాళ్ళకు తమ కాళ్ళమీద తామే వెళ్ళిపోయేవాళ్ళు. మధ్యలో మానేసినవాళ్ళకు మోకాలు అలాగే బిగుసుకుపోయేది, ఇక దాన్ని ఎవరూ వంచలేకపోయేవాళ్ళు. ఆ తేడా చూస్తూ పెరిగాను నేను.

తొంభైల్లో మదనపల్లెలోనే ట్రాక్టర్లూ జీపులూ అమ్మే ఒక షోరూములో టైపిస్టుగా చేరాను. రెండువేల సంవత్సరం దాటాక అదే షోరూములో కార్లు కూడా వచ్చాయి, నన్ను సేల్స్‌లోకి మార్చారు. అప్పటికి ఆ పక్క ఊళ్ళలో బండ్లమ్మే ఆడమనిషి అంటే ఓ వింత. డ్రైవింగు మాత్రం నాకు ముందే వచ్చు. కొనేవాళ్ళకు బండి నడిపి చూపించే మా డెమో డ్రైవరు ఆదివారాలు చర్చి అయ్యాక ఖాళీ మైదానంలో పాత జీపు ఇచ్చి నేర్పించాడు. ఆయనది కుప్పం. తెలుగులో సగం తమిళం కలిపి మాట్లాడేవాడు, జోకు వేసి తనే ముందు నవ్వేవాడు. ఆయన్ని నేను అన్నా అనేదాన్ని.

ఇప్పుడు ఈ ఉద్యోగంలో చేరుతున్న మీకు చిత్రంగా ఉండొచ్చు గానీ, ఆ రోజుల్లో రెండు బండ్లలో ఏది తీసుకోవాలో ఫోన్‌లో చూసి తేల్చుకునే వీలు లేదు. ఊరంతా తిరిగి అడగాలి, ఎక్కి చూడాలి. కారూ కాకుండా జీపూ కాకుండా మధ్యరకంగా ఉండే బండ్లు అప్పుడప్పుడే వస్తున్నాయి. మా దగ్గర అలాంటివి రెండు ఉండేవి. ఒకటి పొట్టిది, కానీ నేలనుంచి బాగా ఎత్తుగా తలెత్తుకుని నిలబడేది. రెండోది పొడుగ్గా, కిందికి దిగి, వెనక బోలెడంత చోటుతో ఉండేది. మా కుప్పం అన్న మొదటిదానికి పుంగనూరు ఆవు అనీ రెండోదానికి రైలు అనీ పేర్లు పెట్టాడు. కొనేవాళ్ళు లేనప్పుడు మేమందరం అలాగే పిలిచేవాళ్ళం. "ఆవును కడిగినారా? రైలుకు డీజిల్ పోసినారా?" అని పొద్దున్నే అరిచేవాడాయన.

పుంగనూరు దాటి పెద్దపంజాణి వైపు ఒక పల్లెనుంచి ఆ ఏడు ఒక కుటుంబం వచ్చింది. పెద్దాయన, ఇద్దరు కొడుకులు. పెద్దాయన తెల్లపంచె, తలపాగా, మాట తక్కువ మనిషి. టమోటా, మల్బరీ, కొంచెం రాగి పండించే ఇల్లు. ఇంటిల్లిపాదికీ పనికొచ్చే బండి కావాలన్నారు. ఇంటిల్లిపాది అంటే ఎవరెవరు అని అడిగితే పెద్దకొడుకు టమోటా బాక్సులనుంచి మొదలుపెట్టాడు.

"నాలుగు బాక్సులు ఎనక పడాల. పెండ్లికి పోతే అందురూ పట్టాల. ఈ పొడుగుదే మేలు."

పెద్దాయన ఒక్కటే అడిగాడు. "రామసముద్రం సైడు ఈ బండి ఎవురు తీసుకునింటారు?"

చిన్నకొడుకు ఏమీ అడగలేదు. నాకు కుతూహలం పుట్టించింది అతనే. మనిషి పొట్టి. వచ్చిన ప్రతిసారీ మెల్లగా పొట్టిబండి ముందు తలుపు తీసి, డ్రైవరు పక్క సీట్లో కూర్చుని, సీటు కింద లివరు పట్టుకుని దాన్ని పూర్తిగా వెనక్కి జరిపేవాడు. కుడికాలు కర్రలా చాపి, మోకాలు వంచకుండా దిగి, మళ్ళీ వంచకుండా ఎక్కేవాడు. తర్వాత రైల్లోనూ అదే తంతు. అందులో సీటు కిందికి ఉండేది, మోకాలు వంచకపోతే అందులో కూర్చోవడం కుదరదు. అతను తల అడ్డంగా ఊపి దిగిపోయేవాడు.

"ఏమండీ, కాలికేమన్నా ఇబ్బందా?" అని అడిగాను.

అతను తండ్రివైపు ఒకసారి చూసి, "ఊరికే మేడం," అన్నాడు.

ఊరికే ఎవరైనా అలా చేస్తారా? నాకు ఆ రాత్రి అన్నం సయించలేదంటే అతిశయోక్తే గానీ, తింటున్నంతసేపూ అదే ఆలోచన.

బండి ఊళ్ళోకి తెచ్చి చూపించమన్నారు. కుప్పం అన్న రైలు తీసుకున్నాడు, నేనూ వెళ్ళాను. ఇల్లు చేరగానే ఆయన ఎప్పటిలాగే దూకి, ముందు తలుపు తీసి, పెద్దాయనకు దండం పెట్టి కూర్చోబెట్టాడు. ఏ ఊళ్ళోనైనా అంతే. ముందు సీటు ఇంటిపెద్దది, అందులో అడగడానికేమీ ఉండదు. కొడుకులు వెనక ఎక్కారు. ఆడవాళ్ళు వాకిట్లో నిలబడి చూశారు. నేను లోపలికి వెళ్ళాను.

వసారాలో ఒకమ్మాయి కుర్చీలో కూర్చుని ఉంది. కుడికాలు ఎదుట స్టూలు మీద చాచి పెట్టి ఉంది. ఆ కాలు చూడగానే నాకు చిన్నకొడుకు సంగతి అర్థమైపోయింది. ఆమె అతని భార్య, ఇంటికి చిన్నకోడలు. పుంగనూరులో ఒక చిన్న బళ్ళో టీచరు. మోపెడ్ మీద బడికి పోతూ పడింది. ఆపరేషన్ మా మిషన్ ఆస్పత్రిలోనే జరిగింది.

"వ్యాయామానికి వస్తున్నారా మరి?" అన్నాను.

"రెండు మార్లు పోతినక్కా. బస్సులో కాలు పెట్టేదానికి చోటుండదు. ఆటోలో ఇంగా అన్యాయం. జీపులో ఎనక అడ్డంగా కూసోబెడితే గతుకు గతుక్కీ ప్రాణం పోయినట్ల అయింది. ఇంగ చాలించినా."

"మానేస్తే అది బిగుసుకుపోతుందమ్మా. ఆస్పత్రిలో చెప్పలేదా?"

"సెప్పినారు. ఇంగా ఆలీసమైతే వంగదన్నారు. మోకాలు వంగకుంటే బళ్ళో నిలబడి పాఠం సెప్పేదెట్ల, మెట్లెక్కేదెట్ల?" ఆమె గొంతు తగ్గించింది. "మా ఆయన బండి కోసరం గోల సేస్తాండేది దానికే. మామకి సెప్పలేడు. పెండ్లాం కోసరం బండి కావాలని నాయన ముందర ఎట్ల నోరు తెరుస్తాడు?"

వాళ్ళ పద్ధతి నాకు కొత్త కాదు. మగపిల్లలు తండ్రి ఎదుట భార్య పేరెత్తి ఏదీ అడగరు. మామగారు కోడలితో నేరుగా మాట్లాడేది తక్కువ. అత్తగారు అడగొచ్చు గానీ, ఆమె వైపునుంచి చూస్తే బండి అనేది మగవాళ్ళ వ్యవహారం. నలుగురికీ ఆ పిల్ల అంటే ఇష్టమే. అందరి ఇష్టం మధ్యలో ఆ మోకాలు బిగుసుకుపోతోంది. నాకు కోపం వచ్చింది, కానీ ఎవరిమీద కోప్పడాలో తెలియలేదు.

మగవాళ్ళు తిరిగొచ్చాక ఆడవాళ్ళను కూడా ఒక చుట్టు తిప్పమన్నాడు పెద్దాయన. ఆయన ముందు సీటునుంచి దిగలేదు, దిగాలని ఆయనకు తోచనూ లేదు. చిన్నకోడలిని వెనక కూర్చోబెట్టి, ఆ కాలిని అత్త ఒళ్ళోనూ తోడికోడలి ఒళ్ళోనూ అడ్డంగా పెట్టారు. తిరిగి వచ్చేసరికి ఆ పిల్ల మొహం పాలిపోయింది. రెండు చేతులతో మోకాలు పట్టుకుని ఉంది.

"బండి ఎట్లుండాది?" అని పెద్దాయన అందరినీ ఉద్దేశించి అడిగాడు.

"బాగుండాది మామా," అంది ఆ పిల్ల.

వెనక్కి వస్తూ కుప్పం అన్నతో చెప్పాను. "ఆ అమ్మాయిని పొట్టిబండిలో ముందు సీట్లో కూర్చోబెడితే చాలన్నా. ఎత్తు సరిపోతుంది, కాలు చాచుకోవచ్చు."

ఆయన నవ్వాడు. "ముందర ఎవురు కూసుంటాండారో సూస్తివి గదా? ఆయన్ని దించేసి కోడల్ని ఎక్కించమని నువ్వే పోయి సెప్పు. నేను కుప్పానికి రైలెక్కి పోతా."

మేనేజరుదీ అదే మాట. "మనం అమ్మేది బండి. సీట్లు పంచుకునేది వాళ్ళిల్లు. వాళ్ళ ఇంటి సంగతుల్లో వేలు పెట్టకు. పెద్దబండికి మొగ్గుతున్నారు, అదే ఇచ్చేయ్."

ఇంకోసారి బండి చూసి మాట ఖాయం చేస్తామని వాళ్ళు ఒక శుక్రవారం పొద్దున పిలిచారు, రాహుకాలం రాకముందే రమ్మన్నారు. ముందురోజు కుప్పం అన్న రైలు తీసుకుని రామకుప్పం పక్కన ఒకరికి చూపించడానికి వెళ్ళి, ఆ రాత్రి అక్కడే ఉండిపోయాడు. శుక్రవారం తెల్లారి ఫోను. "రోడ్డు మింద ఏనుగులు ఉండాయమ్మా. ఫారెస్టోళ్ళు ఒక్క బండినీ పోనిస్తాలేరు. అవి ఎప్పుడు లేస్తే నేను అప్పుడు." మేనేజరుకు ఆరోజు కంపెనీవాళ్ళు వస్తున్నారు. ఆయన గోళ్ళు కొరుక్కుని, చివరికి ఆవు తాళం నా చేతిలో పెట్టాడు. "పోయి చూపించి రా. ఎక్కువ మాట్లాడకు."

పుంగనూరు బజారులో ఆటోవాళ్ళు ఆటోలు ఆపి మరీ చూశారు. పల్లెలోకి వెళ్ళేసరికి ఇంటిముందు చిన్న గుంపు చేరింది. పెద్దాయన ఇస్త్రీ పంచెతో సిద్ధంగా ఉన్నాడు. అలవాటుగా వచ్చి ముందు తలుపు తీశాడు. స్టీరింగు దగ్గర నన్ను చూశాడు.

"డ్రైవరు యాడమ్మా?"

"రామకుప్పం దగ్గర చిక్కుకున్నాడు పెద్దాయనా. ఈరోజు నేనే."

ఆయన తలుపు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఆ మొహంలో కోపం లేదు. పరాయి ఆడమనిషి పక్కన ఆనుకుని, ఊరంతా చూస్తుండగా, ఎలా కూర్చోవడం? అది ఆయనకు కుదరని పని. అలాగని బండి ఎక్కకుండా ఉంటే రాహుకాలం వచ్చేస్తుంది. కాసేపటికి మెల్లగా తలుపు మూసి, అటుగా తిరిగి వెళ్ళి వెనక సీట్లో కూర్చున్నాడు. నేను అద్దం సరిచేసుకుంటూ కూర్చున్నాను.

తండ్రి కూర్చోని చోట పెద్దకొడుకు కూర్చుంటాడా? అతనూ వెనకే ఎక్కాడు. అత్తగారు వాళ్ళిద్దరి మధ్య సర్దుకుంది. ముందు సీటు ఖాళీ.

అప్పుడామె అంది. "ఆడమనిషి పక్కన ఆడమనిషే కూసుంటాది. చిన్నదాన్ని పిలవండి."

చిన్నకొడుకు ఒక్క పరుగున వచ్చాడు. వంగి లివరు పట్టుకుని చూడకుండానే సీటు వెనక్కి తోశాడు, దాని వెనక ఇరుక్కున్న పెద్దకొడుకు మోకాళ్ళు పక్కకు తిప్పుకోవాల్సి వచ్చింది. సాధన చేసిన చెయ్యి కదా! భార్యను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. ఆమె సీటు అంచున ఆనుకుని, వెనక్కి జరిగి, కాలు లోపలికి తీసుకుంది. మోకాలు వంచాల్సిన పనే పడలేదు. కాలు పూర్తిగా చాచి, హాయిగా ఊపిరి వదిలింది. అన్నేళ్ళ ఉద్యోగంలో అంత హాయైన ఊపిరి నేను వినలేదు.

ఊరు దాటగానే గతుకులు మొదలయ్యాయి. నేను ఒక కన్ను రోడ్డుమీద, ఒక కన్ను ఆమె చేతులమీద పెట్టి నడిపాను. ఆ చేతులు ఒళ్ళో తీరుబడిగా ఉన్నాయి, మోకాలి వైపు పోలేదు.

వెనకనుంచి పెద్దాయన గొంతు. "ఈడ కూసుంటే రోడ్డే సరిగా కనపడదే."

"నాకెప్పుడు కనపడిందంట?" అంది ఆయన భార్య. "పెండ్లయిన కాన్నుంచి ఎద్దులబండిలో ఎనకే, జీపులో ఎనకే."

"అయితే ఏం సూస్తా వస్తాంటివి?"

"ఏముంటాది, నీ తలపాగా."

చిన్నకోడలు ఉండబట్టలేక నవ్వేసింది. పెద్దకొడుకు దగ్గాడు. అద్దంలో చూస్తే పెద్దాయన కిటికీవైపు తిరిగి ఉన్నాడు, మీసం మాత్రం కదులుతోంది. కాసేపాగి ఆయన అన్న మాటకు నేనే కాదు, బండిలో అందరూ ఉలిక్కిపడ్డారు.

"అమ్మా, కాలు నొస్తాండాదా?"

ఆ పిల్లకు తనను అడుగుతున్నాడని అర్థం కావడానికి క్షణం పట్టింది. "లేదు మామా. ఈ సీట్లో నొప్పి లేదు."

"ఆపొద్దు తిప్పినప్పుడు?"

అత్తగారే చెప్పింది. "ఆపొద్దు ఇంటికొచ్చి ఏడిసింది. బస్సు ఎక్కలేక ఆస్పత్రికి పోయేది గూడా మానేసింది."

"నాకెవురూ సెప్పలేదే."

"నీకెవురు సెప్తారు?" అంది భార్య. దెప్పినట్టు కాదు, ఉన్నమాట అన్నట్టు అంది.

పుంగనూరు దగ్గర పడుతోంది. నేను బండి వెనక్కి తిప్పుదామని వేగం తగ్గించాను.

"తిప్పొద్దమ్మా," అన్నాడు పెద్దాయన. "నేరుగా మదనపల్లెకి పోనీ. ఆస్పత్రికే."

ఆస్పత్రిలో ఆ పిల్ల లోపలికి వెళ్ళాక పెద్దాయన బయట నిలబడ్డాడు. మోకాలు వంచుతున్నప్పుడు ఆమె పెట్టిన కేక తలుపు దాటి వచ్చింది. ఆయన తలపాగా తీసి మొహం తుడుచుకున్నాడు. బయటికి వచ్చిన ఫిజియోథెరపీ అమ్మ నన్ను గుర్తుపట్టి, ఆయనతో అంది. "ఇంకా చెయ్యి దాటిపోలేదండీ. కానీ ఇకమీద ఒక్కసారి కూడా మానకూడదు." ఆయన తలూపాడు. నాకు కళ్ళు చెమర్చాయి, దాచుకోలేదు.

బండి మాట మాత్రం ఆరోజు తేలలేదు. రెండు మూడు రోజులకు పెద్దాయన కొడుకులతో షోరూముకే వచ్చాడు. అప్పటికి కుప్పం అన్న ఏనుగుల కథను రోజుకొకరికి పెంచి చెబుతూ తిరిగొచ్చి ఉన్నాడు. పెద్దాయన్ని చూడగానే ఎప్పటిలాగే దూకి ముందు తలుపు తీసి దండం పెట్టాడు. పెద్దాయన ఆ తలుపు దాటిపోయి, వెనక తలుపు తానే తీసుకుని ఎక్కాడు.

"ఈ రోడ్డు కాదు. గతుకులుండే దోవలో పోనీ," అన్నాడు.

కుప్పం అన్న నావైపు బిక్కమొహం వేసి చూశాడు. ఏనుగుల వల్ల రాలేకపోయినందుకు తనమీద అలిగాడనుకున్నాడు పాపం. దారిపొడుగునా ఆయనకు క్షమాపణలు చెప్పుకున్నాడట. పెద్దాయన వినిపించుకోలేదు. రైల్లో వెనక ఒక చుట్టు, ఆవులో వెనక ఒక చుట్టు తిరిగాడు. ఆవులో ముందు సీటు పూర్తిగా వెనక్కి తోయించి, సరిగ్గా దాని వెనకే కూర్చుని చూశాడు. చోటు చాలక భార్య కూర్చునే వైపు సర్దుకుని మళ్ళీ చూశాడు. నా ఉద్యోగమంతా బండి ముందు సీటు చూసి కొన్నవాళ్ళే. వెనక సీటు చూసి కొన్న ఇంటిపెద్ద ఈయనొక్కడే.

దిగి, "పొట్టిదే," అన్నాడు.

పెద్దకొడుకు గోల పెట్టాడు. "నాయనా, ముందు సీటు అంత ఎనక్కి తోస్తే ఎనక ముగ్గురు పట్టరు. బాక్సులు యాడ పెడతాం?"

"బాక్సులకి ట్రాక్టరు ఉండాది. ఎనక ఇద్దురు పడతారు గదా?"

"ఇద్దురంటే ఎవురెవురు?"

"నేనూ మీయమ్మ."

చిన్నకొడుకు కిటికీ దగ్గరికి వెళ్ళి బయటికి చూస్తూ నిలబడ్డాడు. అతని భుజాలు కదలడం చూసి నేను తల తిప్పుకున్నాను. మా మేనేజరు నన్ను పక్కకు పిలిచి, "ఇంతకీ నువ్వేం మాట్లాడావు ఆయనతో?" అని అడిగాడు. ఏమీ మాట్లాడలేదని చెబితే నమ్మలేదు. నిజం అదే. నేను చేసింది స్టీరింగు ముందు కూర్చోవడం ఒక్కటే. ఒక పద్ధతికి ఇంకో పద్ధతి అడ్డం పడింది, ఆ సందులోంచి ఆ పిల్ల వెళ్ళి ముందు సీట్లో కూర్చుంది. కొత్తగా చేరిన పిల్లలకు నేను ఎప్పుడూ ఒకటే చెప్పేదాన్ని: కొనేవాళ్ళను అన్ని సీట్లలోనూ కూర్చోబెట్టండి. ఒకరి చోట ఇంకొకరిని కూర్చోబెట్టండి. ఆ తర్వాత మీరు చెప్పాల్సింది పెద్దగా ఉండదు.

నెలలు గడిచాయి. సర్వీసుకు ఆ ఇంటి బండి వచ్చిందని కుప్పం అన్న కేకేశాడు. నేను బయటికి వచ్చేలోపే చిన్నకోడలు మెట్లెక్కి లోపలికి వచ్చింది. కర్ర లేదు, ఎవరి చెయ్యీ పట్టుకోలేదు. నేను అలవాటుగా మోకాలివైపే చూశాను. పూర్తిగా కాదు గానీ వంగుతోంది, మెట్టుకు సరిపోయేంత. వచ్చే వారంనుంచి మళ్ళీ బడికి పోతున్నానని చెప్పింది. నేను ఆమెను కావలించుకున్నాను. మేనేజరు చూస్తున్నాడని కూడా ఆగలేదు.

కాఫీ తెప్పించి, నా పాత కుతూహలం కొద్దీ అడిగాను. "ఇప్పుడు కాలు బాగైంది కదా. ముందు సీటు మళ్ళీ మామగారికి ఇచ్చేశారా?"

"ఇచ్చేస్తానంటినక్కా. నాకిప్పుడు యాడైనా పరవాలేదు, మీరు ముందరికి రాండి మామా అంటి."

"ఏమన్నాడు?"

"రానంటే రానన్నాడు. అత్తకి దోవంతా సేన్లు సూపిస్తా వస్తాడు. అదెవురిది, ఏం పైరేసినారు, ఎట్ల వచ్చింది అని. ఇన్నేండ్లూ ఆమె ఈ దోవలో వస్తాండినా ఏదీ సరింగా సూడలేదంట. ముందరికొస్తే మాట తెగిపోతాదంట."

సర్వీసు అయిపోయిందని చెబితే ఆమెను సాగనంపడానికి బయటికి వచ్చాను. చిన్నకొడుకు స్టీరింగు ముందు ఉన్నాడు. ముసలాయన, ముసలామె వెనక సీట్లో ముందే ఎక్కి కూర్చున్నారు. ఆయన కిటికీలోంచి రోడ్డవతల ఏదో చూపిస్తున్నాడు, ఆమె ఆయన భుజంమీదుగా వంగి చూస్తోంది. మేము వచ్చిన సంగతి ఇద్దరూ గమనించలేదు.